రాళ్ళూ, లైట్లూ, రిలీజులూ

ఆ ఫోటో ఈపాటికి మీ ఆఫీసు గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. సైబర్ టవర్స్ కొత్తగా కట్టినప్పటిది, అంటే 1998 ప్రాంతాలది. చుట్టూ రాళ్ళు, తుప్పలు, మధ్యలో గుండ్రంగా ఆ బిల్డింగొక్కటీ. కింద షరా మామూలే, "అప్పుడే ఓ ఎకరం కొనుక్కుని ఉంటేనా..." అని నిట్టూర్పులు. అప్పటికి వీళ్ళలో సగం మందికి పాలపళ్ళు కూడా ఊడలేదు, ఎకరం ఎలా కొనేవారో!

నాకైతే బిల్డింగు కన్నా రాళ్ళే నచ్చాయి. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళట. వీటిని బతకనివ్వండి మహాప్రభో అంటూ కొందరు 1996 లోనే సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టుకున్నారు. మనం వింటేగా! జూబిలీహిల్స్‌లో అసలు రాళ్ళు పేల్చి ఇళ్ళు కట్టుకున్నాం, సినిమా సెట్లలో థర్మోకోల్‌తో కొండలు చేసుకుంటున్నాం.

సెట్లంటే గుర్తొచ్చింది. 2017 నవంబరులో అన్నపూర్ణ స్టూడియోలో 'మనం' సెట్టు కాలిపోయింది. నాగేశ్వరరావుగారి ఆఖరి సినిమాది కదా, జనం సొంతిల్లు కాలినట్టే బాధపడ్డారు. మా హాస్టల్లో ఒకడు అన్నం మానేశాడు. (రాత్రికి బిర్యానీ తిన్నాడనుకోండి.)

ఇప్పుడు నేనుండేది ఫిల్మ్‌నగర్ బస్తీలో. మా పై వాటా పెద్దాయన మద్రాసు నుంచి సినిమావాళ్ళతో పాటే వచ్చిన లైట్‌మన్. ఆయనకీ ఫోటో చూపించాను. బిల్డింగు వంక చూడనే లేదు. రాళ్ళ నీడలు కాసేపు చూసి, "పొద్దున ఎనిమిదిన్నర లోపు తీశారు బాబూ" అన్నారు.

ఇక ఆర్క్ లైట్ల కబుర్లు మొదలయ్యాయి. వాటిలో రెండు కార్బన్ కడ్డీల మధ్య మంట వెలుగుతుందిట. కడ్డీలు కాలి అరిగిపోతుంటే, మధ్య దూరం చూసుకుంటూ ఒక మనిషి లైటు దగ్గరే కాపలా ఉండాలి. ఏమరుపాటుగా ఉంటే వెలుగు రెపరెపలాడుతుంది, షాటు పోతుంది, పైనించి తిట్లు! తర్వాత మనిషి అక్కర్లేని లైట్లొచ్చాయి, ఆపైన ఎల్‌ఈడీలు.

"మరి మీ పని పోయిందా?" అన్నాను.

"పోలేదు బాబూ. పిలవడం తగ్గించారు."

నాకా రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మా టీములో టెస్టు కేసులు రాసే పని ఈమధ్య ఏఐకి అప్పగించారు. పదకొండు మంది కాస్తా నలుగురయ్యారు. తీసేశాం అని ఎవరూ అనరు, 'ప్రాజెక్టు నించి రిలీజ్ చేశాం' అంటారు. ఫిల్మ్‌నగర్‌లో రిలీజంటే కటౌట్లూ పాలాభిషేకాలూ. మాకు మాత్రం ఐడీ కార్డు వెనక్కిచ్చే ముందు మెట్టు.

మిగిలిన నలుగురిలో నా పక్క సీటాయన ఒకరు. పద్నాలుగేళ్ళ అనుభవం. బిల్డు పగిలిందంటే ఎక్కడ పగిలిందో లాగ్ తెరవకుండానే చెప్పేస్తారు, మా పెద్దాయన ఎండ చూసి టైము చెప్పినట్టే. మొన్న సోమవారం ప్లానింగ్ మీటింగుకి ఆయన రాలేదు. ఏమండీ, మర్చిపోయారా అనడిగితే, "నాకు ఇన్వైట్ రాలేదు" అని మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగారు. ఈఎంఐ ఉంది, పదో తరగతి కూతురుంది.

అప్పట్నించీ వచ్చిన ప్రతి ఇన్వైటూ ఆయనకి ఫార్వర్డ్ చేస్తున్నాను. ఆయనా వస్తున్నారు. మేనేజరు నిన్న ఒకసారి ఆయన వైపూ, ఒకసారి నా వైపూ చూశాడు. ఇంకా ఏమీ అనలేదు.