తెల్లారేలోగా రాలే పూలు

ఇంకా కోడి కూయలేదు. సీతంపేట కొండల్లో ఓ జాతాపు ముసలమ్మ బుట్ట చంకన పెట్టుకుని బయల్దేరింది. వెనకాలే కళ్లు నులుముకుంటూ మనవరాలు. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి. ఉగాది సెలవుకి ఇంటికొచ్చింది.

‘‘బేగి రాయే గుంటా! ఎలుగ్గొడ్డు ముందొచ్చేస్తే మనకేటి మిగుల్తాది?’’

నిజమే. ఇప్పపువ్వంటే ఎలుగుబంటికి ప్రాణం. లేళ్లూ, కొండగొర్రెలూ కూడా తక్కువేం కాదు.

పట్నంలో ఇప్పపువ్వనగానే సారాయే గుర్తొస్తుంది. పాపం, ఆ చెట్టుకి అంతకు మించిన కథే ఉంది. సపోటా, పొగడ దీనికి దగ్గరి చుట్టాలు. ఆకు తుంచితే పాలు కారతాయి. మాఘం వెళ్లాక ఆకులన్నీ రాల్చేసి, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గలేస్తుంది. మీగడ రంగులో దళసరి పూలు, తేనెలా తియ్యన. అవి విచ్చుకునేది రాత్రిపూటే. ఆ వాసనకి గబ్బిలాలు వచ్చి పుప్పొడి మోస్తాయి. తెల్లవారుజామున పూలు జలజలా రాలిపోతాయి. చిత్రమేమిటంటే రాలేది కండగల పూరేకల గొట్టమే. పిందెకి పనికొచ్చే భాగం కొమ్మనే ఉండిపోతుంది. అంటే కిందపడ్డ పూలెన్ని ఏరుకున్నా కాపు తగ్గదన్నమాట! తర్వాత లేత రాగిరంగు చిగుళ్లు. తొలకరి వేళకు కాయలు పండుతాయి, గింజల్లోంచి నూనె. చలికి పేరుకుపోయే ఆ నూనె ఒకప్పుడు మన్యంలో కూరకీ, దీపానికీ కూడా అదే.

ఆ పూలూ గింజలూ కొనడానికి 1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ వచ్చింది. ఎండిన పువ్వు సంతకెళ్తే ఉప్పూ పప్పూ ఇంటికొస్తాయి.

ఈ చెట్టుకి గుడి కూడా ఉంది. కొండ దిగి వంశధార ఒడ్డున శ్రీముఖలింగానికి వెళ్తే అక్కడి శివుడి పేరు మధుకేశ్వరుడు. మధూకం అంటే ఇప్పే. శబర నాయకుడి ఇద్దరు భార్యలు ఇప్పపూల కోసం తగువులాడుకుంటే, చిన్నామె వైపు కొమ్మ నుంచి బంగారు పూలు రాలాయనీ, విసిగిపోయిన నాయకుడు చెట్టు నరకబోతే శివుడు ప్రత్యక్షమయ్యాడనీ స్థలపురాణం. సవతుల పోరు దేవుణ్ని కూడా బయటికి రప్పించిందంటారు నవ్వుతూ అక్కడివాళ్లు.

మన ముసలమ్మ చెట్టు కిందికి చేరింది. నేలంతా ఎండుటాకులు. పువ్వు కనబడాలంటే ఆకు కాల్చాలి. ఏటా అదే పని. అగ్గిపెట్టె తీసింది.

‘‘నాన్నమ్మా, ఆగు!’’

ఆకుల మధ్య మోకాలెత్తు మొక్క. ఇప్పమొక్కే. పిల్ల దాన్ని చేత్తో పట్టుకుని కూర్చుండిపోయింది. ముసలమ్మకి తెలుసు, ఈ చుట్టుపక్కల ఉన్నవన్నీ తన తాతల నాటి మానులే. కొత్తవి కానరావు. ఎలా వస్తాయి? పడిన గింజ నూనెకి పోతుంది. మిగిలింది ఆట్టే నిల్వ ఉండదు, ఆ వానకే మొలవాలి. మొలిచినదాన్ని ఎండాకాలం మంట మాడ్చేస్తుంది. పూలేరుకుంటే చెట్టుకి చేటు లేదు గానీ, పూల కోసం పెట్టే నిప్పే దాని పిల్లల్ని తినేస్తోంది. ఆ సంగతి చెబితే ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. ఆకులూడ్చడానికి నడుం వంగాలిగా మరి!

‘‘ఈ గుంటకి పనీ పాటా లేదు’’ అని గొణిగింది. అగ్గిపెట్టె మళ్లీ కొంగున ముడేసింది. పక్కనున్న పొదలోంచి నాలుగు రెమ్మలు విరిచి, చీపురుగా కట్టి మనవరాలి చేతికిచ్చింది.

‘‘అలగైతే నువ్వే తుడు. నాకు నడుం నొప్పి.’’

తూర్పున వెలుగొచ్చేసరికి బుట్ట సగమే నిండింది.