తరువాత చూద్దాం

పని వాయిదా వెయ్యడం కొందరికి జబ్బు. నాకు స్వభావం. ముప్పయి రెండేళ్లు బడిపంతులుగా పిల్లలకు "రేపటి పని యివాళే చెయ్యండిరా" అని చెప్పి, యింటికి వచ్చి యివాళ్టి పని రేపటికి తోసినవాణ్ణి. ఆ స్వభావంవల్ల నేను ఏమి పోగొట్టుకున్నానో చెబితే, నాలాటివారు వొకరిద్దరికైనా పనికివస్తుందని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది బరంపురం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా వాళ్లు కదల్లేదు గాని, మా వూరే మద్రాసు ప్రెసిడెన్సీలోంచి కదిలి వెళ్లింది. వీధిలో ఒడియా, యింట్లో తెలుగు. మా అమ్మకు పెళ్లిపాటలు, అప్పగింతల పాటలు, జోలపాటలు విస్తారంగా వచ్చు. మధ్యలో ఒడియా మాట వొకటి కలిసిపోయినా తెలియనంతగా, అచ్చంగా మా యింటి తెలుగు. "రాసుకోరా, నాతోటే పోతాయి" అనేది. "తరువాత చూద్దాం లేమ్మా" అనేవాణ్ణి. చివరికి చెల్లెలి పోరు పడలేక టేపురికార్డరు ముందు కూర్చోబెట్టి పాడించాను. యిరవై రెండు పాటలు. 2009లో అమ్మ పోయింది. క్యాసెట్లు బూజుపడుతుంటే పాటలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, క్యాసెట్లు పారేశాం.

ఆ కంప్యూటరు మా అబ్బాయి కొనిపెట్టిన ల్యాప్‌టాప్. విండోస్ 7 అందులో వుండేది. నెలకోసారి మూలనుంచి చిన్న పెట్టె లేచి, అప్‌డేట్లు వచ్చాయి, కంప్యూటరు మళ్లీ స్టార్ట్ చెయ్యాలి, యిప్పుడా తరువాతా అని అడిగేది. నా స్వభావం చెప్పానుగదా! తరువాత అన్నచోటే నొక్కేవాణ్ణి.

కొన్నాళ్లకు అది నత్తనడక పట్టింది. మా వీధి కుర్రవాడొకడు వచ్చి టాస్క్ మేనేజర్ తెరిచాడు. నేను వుత్తరం వొకటే రాసుకుంటున్నాననుకున్నాను. తీరా చూస్తే లోపల యాభై అరవై పనులు జరుగుతున్నాయి. వాటిలో వొకటి గంటలకొద్దీ యంత్రం బలమంతా లాగేస్తోంది. "ఇదే మాస్టారూ, తినేస్తోంది! అప్‌డేట్ల సర్వీసు" అని దాన్ని శాశ్వతంగా ఆపేశాడు. కంప్యూటరు పరుగెత్తింది. నేను సంతోషించి వాడికి కాఫీ యిప్పించాను.

2017 మే 12, శుక్రవారం. మా బంధువుల పెళ్లికి చిన్న పుస్తకం అచ్చువేయించాలని ల్యాప్‌టాప్ పట్టుకుని అక్షరాలు కూర్చే దుకాణానికి వెళ్లాను. అక్కడి కంప్యూటర్లన్నీ ఒకే తీగకు కట్టివున్నాయి. నాదీ తగిలించారు. సాయంత్రం యింటికి వచ్చి తెరిస్తే తెరమీద యెర్రని పెట్టె. ఫైళ్లన్నిటికీ తాళం వేశామనీ, మూడు రోజుల్లో 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో చెల్లించమనీ, ఆ తరువాత రెట్టింపనీ, వారం దాటితే ఆశ వదులుకొమ్మనీ రాసివుంది. పక్కన గడియారాలు రెండు వెనక్కు లెక్కపెడుతున్నాయి. అమ్మ పాటల పేర్లు కనిపిస్తున్నాయి గాని, వొక్కటీ పలకదు.

ఆ రాత్రి బెంగుళూరునుంచి అబ్బాయి ఫోనులో సంగతి చెప్పాడు. ఆ మాయదారి పురుగు పేరు వన్నాక్రై. అది ఆ కొద్దిరోజుల్లోనే 150 దేశాల్లో రెండు లక్షల పైచిలుకు కంప్యూటర్లను పట్టింది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కు పంపాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నిటికీ తగిలింది. ఒక కంప్యూటరులోని ఫైళ్లు మరొకదానితో పంచుకునే యేర్పాటులో వున్న కన్నంలోంచి అది దూరింది. మనిషి దేన్నీ నొక్కనక్కరలేదు. తీగ కలిస్తే చాలు.

"ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది నాన్నగారూ. మీ యింటికి కూడా వచ్చేదే. మీరు ఆపించింది దొంగను కాదు, కాపలావాణ్ణి" అన్నాడు.

మార్చి 14 నుంచి మే 12కి యాభై తొమ్మిది రోజులు. లెక్కపెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను.

అమ్మ వున్నన్నాళ్లూ మేము లేచేసరికి కళ్లాపి, ముగ్గు, కాగు నిండా నీళ్లు, పొయ్యిమీద కాఫీ అన్నీ అయివుండేవి. ఎప్పుడు చేసేదో యెవరూ అడగలేదు. కంప్యూటరులో మనకు కనబడకుండా జరిగే పనులూ చాలావరకు అటువంటివే. వాటిలో దొంగపనులూ లేకపోలేదు గాని, ఏది యేదో తెలియనివాడు చెయ్యి పెట్టకూడదు. మళ్లీ స్టార్ట్ చెయ్యమనడంలోనూ చాదస్తం లేదు. నడుస్తున్న భాగాన్ని నడుస్తుండగా మార్చడం కుదరదు. దూలం మార్చాలంటే యింట్లోవాళ్లు కాసేపు అరుగుమీదికి రావలసిందేగదా!

డబ్బు కట్టినా తాళం తీస్తారన్న నమ్మకం లేదని అబ్బాయి కట్టనివ్వలేదు. చెల్లెలు తన ఫోనులోకి యెప్పుడో యెక్కించుకున్న అయిదు పాటలు దక్కాయి. పదిహేడు పోయాయి. తొమ్మిదింటి మాటలు జ్ఞాపకంమీద రాశాను. ఆ గొంతు రాయడానికి నాకు చాతకాలేదు.

అప్‌డేట్ల వల్ల కూడా చిక్కులు వస్తాయని మీరనవచ్చు. నిజమే. 2024 జూలై 19న కాపలా సాఫ్ట్‌వేరు అప్‌డేట్ వొకటి తప్పుగా రావడంతో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. మనదేశం విమానాశ్రయాల్లో బోర్డింగు కాగితాలు చేత్తో రాసియిచ్చారు. అంచేత అప్‌డేట్ ఒక్కటే చాలదు; ముఖ్యమైనవాటి నకలు వేరే డిస్కులో వుండాలి. నకలు తీయగానే ఆ డిస్కు కంప్యూటరునుంచి విప్పేసి బీరువాలో పెడుతున్నాను. తగిలించే వుంచితే దానికీ తాళం పడుతుంది. విండోస్ 7కు 2020 జనవరి 14తోనూ, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోనూ మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మీ యింట్లో పాత యంత్రం వుంటే పిల్లలను అడిగి చూపించుకోండి.

నెలలో రెండో మంగళవారం అప్‌డేట్లు విడుదలవుతాయి. మనకు బుధవారానికి అందుతాయి. ఆ పెట్టె లేవగానే యిప్పుడే అని నొక్కి, కాఫీ పట్టుకుని అరుగుమీద కూర్చుంటున్నాను.

మొన్న అట్లా కూర్చుని వుండగా చెల్లెలు ఫోను చేసింది. పోయిన పాటల్లో వొకటి, వియ్యపురాలి పాట, రెండు చరణాలు జ్ఞాపకం వచ్చాయట. "పండక్కి వచ్చినప్పుడు పాడతాలే అన్నయ్యా" అంది.

"అప్పుడు కాదమ్మా, యిప్పుడే పాడు" అని కాగితం తీసుకున్నాను.