సిద్ధాంత గ్రంథం ఎవరి కోసం?

"పీహెచ్‌డీకి అసలు ఏమేం కావాలి అన్నయ్యా?" అని సమాజశాస్త్రంలో పరిశోధనకు చేరబోతున్న మా పిన్నిగారి అమ్మాయి ఈమధ్య అడిగింది. నిబంధనలు చెప్పడం తేలికే. నేను యూజీసీ 2016 నియమావళి కింద చదివాను. మొదట కోర్సువర్కు, ఆపై ఆర్నెల్లకోసారి పరిశోధక సలహా సంఘం ముందు హాజరు, గ్రంథం సమర్పించేలోగా పత్రికలో ఒక వ్యాసం, సదస్సుల్లో రెండు పత్రాలు, చివరకు బయటి పరీక్షకుల నివేదికలు, బహిరంగ మౌఖిక పరీక్ష. 2022 నియమావళి వ్యాసాల నిర్బంధాన్ని తొలగించింది, ఎంఫిల్‌నూ ఆపివేసింది.

ఈ జాబితాలో లేనిది ఒకటుంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

నా అంశం గుంటూరు జిల్లా కౌలు రైతులు. విన్నది తెలుగులో, రాయవలసింది ఇంగ్లీషులో. అక్కడ కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. కాగితం లేదు గనుక బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. "ఆయన మాటిచ్చాడు" అని రైతు అన్నప్పుడు అందులో నమ్మకమూ ఉంది, వచ్చే ఏడు చేను ఇవ్వకపోతే ఎలాగన్న దిగులూ ఉంది. 'ఓరల్ లీజ్' అని రాయగానే రెండూ జారిపోతాయి. ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటిందేమో చూడడానికి సాఫ్ట్‌వేరు ఉంది. మనిషి మాట పరాయి భాషలోకి చేరేసరికి ఎంత తరిగిపోయిందో చూసే యంత్రం లేదు.

ఇది కొత్త సంగతి కాదు. హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో ఇంగ్లీషులో వెలువడింది. సమాజశాస్త్ర విద్యార్థులు దాన్ని తరతరాలుగా చదువుతున్నారు. ఇప్పుడు శోధగంగలో వేలాది సిద్ధాంత గ్రంథాలను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఆ 'ఎవరైనా'లో నా రైతులు లేరు.

ఒక పెద్దాయన సూటిగానే అడిగారు: "బాబూ, ఇదంతా రాసుకుని పోతన్నావు. మా గురించి ఏం రాశావో మాకెట్టా తెలుద్ది?"

అందుకని గ్రంథం సమర్పించడానికి ముందు దాని సారాన్ని తెలుగులో ఇరవై పేజీలుగా రాసి, ఒక సాయంత్రం రామాలయం అరుగు మీద చదివి వినిపించాను. పంట నష్టపరిహారం పట్టాదారు ఖాతాలోకే పోతుందన్న చోట, వెనక కూర్చున్న ఒకామె అందుకుంది: "పొలం మా పేరున లేదు గానీ, పురుగుమందుల కొట్లో అప్పు మాత్రం మా పేరునే ఉందయ్యా."

నేను రెండేళ్ళు పట్టికలు గీసి చెప్పబోయినది ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది. ఆ అధ్యాయాన్ని ఆ మాటతోనే ముగించాను. తెలుగులోనే ఉంచి, కింద ఇంగ్లీషు అర్థం ఇచ్చాను. మౌఖిక పరీక్షలో ఆ పుట దగ్గరే ఎక్కువసేపు ఆగారు.

ఎవరి జీవితం మీద రాశామో వారికి వారి భాషలో వినిపించాలన్న నిబంధన ఏ నియమావళిలోనూ నాకు కనబడలేదు. ఉన్నా, బహుశా అదీ ఒక సంతకంగా, ఒక ధ్రువపత్రంగా మారిపోయేదేమో! ఎవరూ అడగరు గనుకనే అది మన బాధ్యత. పట్టా మనకొస్తుంది, అందులోని బతుకు వాళ్ళది. మీలో పరిశోధన చేసినవారున్నారు కదా, మీరు ఎవరికి చదివి వినిపించారు?