ఎడారిలో ఖర్జూర నీడ

అబుదాబి నుంచి కారులో గంటన్నర ప్రయాణం. రోడ్డు పక్కన నాటి పెంచిన చెట్లు, వాటి వెనక ఇసుక దిబ్బలు. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటే ఆ ఎడారి మధ్యలో ఉన్నట్టుండి లక్షకు పైగా ఖర్జూర చెట్లు కనిపిస్తే? అదే అల్ ఐన్. అరబ్బీలో ఆ మాటకు 'ఊట' అని అర్థం.

దుబాయ్‌లోలా ఇక్కడ ఆకాశహర్మ్యాలు కనిపించవు. భవనాల ఎత్తుకు హద్దుంది. ఊరి మధ్యలో విశాలమైన ఖర్జూర వనం. మట్టి గోడల మధ్య సన్నటి బాటలు, పక్కనే నీటి కాలువలు. పైన ఖర్జూర మట్టల గొడుగు, దాని కింద మామిడి, అంజూర, నారింజ, ఆ కింద పశుగ్రాసం. ఒక చెట్టు నీడ ఇంకో పంటను కాపాడుతుందన్నమాట. బయట నిప్పులు చెరిగే ఎండ ఉన్నా లోపల అడుగు పెట్టగానే ఒంటికి హాయి తెలుస్తుంది.

ఇంతకీ నీళ్లెక్కడివి? కొండ పాదాల దగ్గర లోతుగా తల్లిబావి తవ్వుతారు. అక్కడి నుంచి కొద్దిపాటి వాలుతో నేల కింద సొరంగం. మోటారు లేదు, మోట లేదు, వాలు మీదే నీరు ఊళ్లోకి నడిచొస్తుంది. దీన్నే 'ఫలజ్' అంటారు. ఇక్కడి హిలీ ప్రాంతంలో దాదాపు మూడువేల ఏళ్ల నాటి ఫలజ్ ఆనవాళ్లు బయటపడ్డాయి. తాగునీరు ముందు, తోటలు తర్వాత. ఎవరి పొలానికి ఎంతసేపు పారాలో చూడటానికి ఓ పెద్దమనిషి ఉండేవాడు. ఆయన్ని 'అరీఫ్' అనేవారు. మన చెరువు కింద నీరటి చేసే పనే అది!

1946లో ఈ ప్రాంతానికి పాలకుని ప్రతినిధిగా వచ్చిన షేక్ జాయెద్ పాడుబడిన ఫలజ్‌లను బాగు చేయించారు. నీటి పంపకాన్ని సరిదిద్ది చిన్న రైతులకూ నీరందేలా చూశారు. 1971లో ఆయనే యూఏఈ తొలి అధ్యక్షుడయ్యారు. 2011లో ఇక్కడి ఆరు వనాలకు, పురాతన స్థలాలకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. 2020లో ఫలజ్ విజ్ఞానానికీ గుర్తింపు దక్కింది.

ఊరంతా పార్కులే. సాయంత్రం ఎండ చల్లబడగానే పిల్లాపాపలతో కుటుంబాలు చాపలు పరుచుకుంటాయి. వేడినీటి ఊటలున్న గ్రీన్ ముబజ్జరాలో సెలవు రోజుల్లో సందడే సందడి. పొట్టకూటికి గల్ఫ్ చేరిన మనవాళ్లకూ వారానికోసారి నలుగురూ కలుసుకుని ఊరి కబుర్లు చెప్పుకోవడానికి ఇలాంటి నీడే కావాలి. దానికి టికెట్ లేకపోవడం ఇంకా మంచిది.

అయితే ఒక్క మాట. పచ్చదనం ఊరికే రాదు. బోర్లు పెరిగి భూగర్భజలం లోతుకు పోవడంతో పాత ఊటలు వట్టిపోయాయి. ఇప్పుడు మోటార్లతో తోడిన నీళ్లే చాలా కాలువల్లో పారుతున్నాయి. వాలు మీద నడిచొచ్చిన నీటికి నేడు కరెంటు కావాల్సి వస్తోంది. మూడువేల ఏళ్లు నిలిచిన ఏర్పాటును కొన్ని దశాబ్దాల తోడకం కుదిపేసిందంటే, గొలుసుకట్టు చెరువులను పూడ్చి కాలనీలు వేసుకున్న మనకూ అందులో పాఠం లేదూ!

ఎప్పుడు వెళ్లాలి: నవంబరు నుంచి మార్చి వరకు వాతావరణం బాగుంటుంది. వనంలోకి ప్రవేశం ఉచితం. దగ్గర్లోనే జబెల్ హఫీత్ కొండ, అల్ జాహిలీ కోట చూడొచ్చు.