ఓడువాని పక్షము

ఆట చూచునప్పుడు గెలుపు ఖాయమనిపించుకొన్నవానిని విడిచి, ఓడునని అందరును తలంచినవాని వైపు మనస్సు పోవుటకు కారణమేమి? ఈ సంశయము మాకు చిన్ననాటి నుండియు కలదు.

మా తాతగారు మగ్గము పని వెదకికొనుచు తెలంగాణము నుండి షోలాపూరు వచ్చి స్థిరపడినవారు. పగలు మాకు మరాఠీ బడి. సాయంకాలము నేత ముగిసిన పిమ్మట ఆయన తెలుగు శతకములు చెప్పెడివారు. సుమతీ శతకములో చలిచీమలకు చిక్కిన పాము పద్యము వచ్చినప్పుడు, బలము కలదని విఱ్ఱవీగరాదని ఆయన అర్థము చెప్పుచుండగా, మేము చీమలు గెలిచినవని చప్పట్లు కొట్టెడివారము. ఆ బుద్ధి పామునకు చెప్పినది. పాము స్థానమున నిలిచి మేము దానిని ఎన్నడును వినలేదు.

1983 జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానములో భారత జట్టు 183 పరుగులకే ముగిసినప్పుడు మా ఇంట పెద్దలు రేడియో ఆపి పడుకొమ్మనిరి. మేము పడుకొనలేదు. వెస్టిండీస్ 140కి కూలి, మనవారు 43 పరుగులతో గెలిచిరి. అయితే అది స్వదేశాభిమానము. దానిని లెక్కలోనికి తీసికొనరాదు.

అసలు పరీక్ష 1996 ఫిబ్రవరి 29న పుణెలో జరిగినది. కచేరీ పనిమీద వెళ్లి, పని ముందుదినమే ముగియుటచే, బంధువొకరు ఇచ్చిన టిక్కెట్టుతో నెహ్రూ స్టేడియమునకు పోతిమి. కెన్యాకు అదే మొదటి ప్రపంచ కప్పు. వెస్టిండీస్ 1975లోను 1979లోను ఆ కప్పు గెలిచినది. కెన్యా 166 పరుగులకు ముగియగా, ఇంక చూడవలసినది లేదని మా ప్రక్కనున్న పెద్దమనిషి టిఫిన్ డబ్బా కట్టివేసెను. లారా 8 పరుగులకే వికెట్ కీపరుకు చిక్కినప్పుడు ఆయన దానిని మరల విప్పెను. వెస్టిండీస్ మొత్తము 93. కెన్యా పటములో ఎక్కడ ఉన్నదో సరిగా ఎఱుగని మేము గొంతు పోవునట్లు అరచితిమి. మూడు దినములు మాట పెగలలేదు.

ఆ సంతోషమునకు మూలమేమని తరువాత ఆలోచించితిమి. మనబోటి సంసారులకు నిత్యజీవితములో గెలుపులు తక్కువ. పరాయి రాష్ట్రములో ఉచ్చారణ చూచి ఊరేదని అడిగించుకొనువారికి మరియును తక్కువ. చిన్నవాడు గెలిచిన, మనకును ఒక వంతు దక్కినట్లుండును. మఱియొక సంగతి కలదు: వాడు ఓడినను మనకు నష్టము లేదు. ఆ పక్షము వహించుటకు రుసుము లేదు.

బలాబలములు స్థిరములు కావనుటయు నిజమే. మేము పాముగా నెంచిన ఆ వెస్టిండీసువారే 1950లో లార్డ్స్‌లో, తమను ఏలుచున్న ఇంగ్లండును ఆ గడ్డమీద మొట్టమొదటిసారి ఓడించిరి. ఆనాడు చీమలు వారే.

పుణె కథను మేము కచేరీలో నెలదినములు చెప్పితిమి. అందరికంటె శ్రద్ధగా విన్నవాడు దినవేతనముపై పనిచేయుచున్న బంట్రోతు. మనవాడే, నేతపనివారి బిడ్డ. లారా అవుటైన ఘట్టమును మరల మరల చెప్పించుకొనెడివాడు. ఆ వేసవిలో తపాలా బిళ్లల సొమ్ములో లోటు కనబడినది. ముందుదినము సాయంకాలము పై అధికారి ఆ పెట్టె తెరచి నోట్లు తీసికొనుట మేము కన్నులార చూచితిమి. విచారణలో ఆ వేళ మేము మా స్థానమున లేమని చెప్పితిమి. మాకు పదోన్నతి కాగితము కదలుచున్న కాలమది. పిల్లకు సంబంధములు చూచుచుంటిమి. ఇవి కారణములే గాని సమాధానములు కావు. అతడు మావైపు చూచెను. మేము రిజిస్టరులోనికి చూచితిమి. వారములోగా అతనిని పనినుండి తొలగించిరి.

2003 మార్చి 20న డర్బనులో ప్రపంచ కప్పు సెమీఫైనలు. కెన్యా అంతవరకు వచ్చుట వింత. ఎదుట నిలిచినది భారతదేశము. ఆ సాయంకాలము బస్‌స్టాండు దగ్గర జనము మూగిన ఒక చాయ్ దుకాణములో చిన్న టీవీ చూడ నిలిచితిమి. దుకాణదారు అతడే. మమ్ములను గుర్తించి, చాయ్ వడబోయుచు, “సారూ, ఈ దినము మీరెవరి వైపు?” అని అడిగెను.

“ఇండియా వైపే” అంటిమి.

అతడు తల యూచెను. మనవారు 91 పరుగులతో గెలిచిరి. మేము చాయ్‌కి పది రూపాయల నోటిచ్చి, చిల్లర ఉంచుకొమ్మంటిమి. అతడు డబ్బాలోనుండి నాణెములు ఏరి, రెండుసార్లు లెక్కపెట్టి, మా చేతిలో పెట్టెను.