పడవలో చెమ్మ

పడవ అనగానే నీటి భయం అడుగు నుంచి వస్తుందనుకుంటాం. చిల్లు, చీలిక, పెద్ద అల... చలికాలమంతా రేవులో కట్టి ఉంచిన పడవకు మాత్రం ఆపద గాలిలో వస్తుంది. లోపలి గోడల మీద ముందు ముత్యాల్లా నిలుస్తుంది, తరువాత ధారలవుతుంది, ఆ తరువాత నల్లని చుక్కలవుతుంది. అదే బూజు. సాలెపురుగు అల్లినదానికీ, పాత రొట్టె మీద మొలిచినదానికీ తెలుగువాడు ఒకే పేరు పెట్టడం చిన్నప్పుడు నాకు వింతగా ఉండేది. రెండూ మనిషి మసలని చోటనే పుడతాయి కాబోలునని ఇప్పుడు సమాధానపడుతున్నాను.

మా గోదావరి నాటుపడవలకు ఈ జబ్బు లేదు. వాటికి గది ఎక్కడిది? మీద తడికల గూడు ఉన్నా, ఇటు నుంచి అటు గాలి పారుతూనే ఉంటుంది. ఇక్కడ సియాటిల్ రేవుల్లో కనిపించే తెరచాప పడవలు అలా కావు. ఒక్కొక్కటీ బొమ్మరిల్లంత ఇల్లు: రెండు పడకలు, పొయ్యి, తొట్టి, అలమరలు, అన్నిటినీ మూసే ఒక చెక్క తలుపు. ఏడాది వాన లెక్కన చూస్తే ఈ ఊరు మా కోనసీమను మించదు. కానీ ఆ వానను నవంబరు నుంచి మార్చి దాకా తుంపరలుగా సాగదీసుకుంటుంది. ఎండ ముఖం చూడని వారాలుంటాయి.

నేను చెప్పే పడవ నాది కాదు. మా వీధిలో ఉండే 78 ఏళ్ళ పెద్దాయనది. 1970లలో కట్టిన 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. ఆయనా, భార్యా ప్రతి వేసవిలోనూ అందులో సాన్ వాన్ దీవులకు వెళ్ళివచ్చేవారు. ఆవిడ పోయిన తరువాత రెండు మూడు వేసవులు నేను తోడు వెళ్ళి తాళ్ళు లాగాను. 2023లో ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. బూజు ఉన్న చోట నిద్రపోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ వసంతంలో పడవ తలుపు తీస్తే ముక్కు మూసుకోవలసి వచ్చింది. వాన పడకుండా ఎవరో నీలం టార్పాలిన్‌ను పీట మీద గుడ్డలా బిగించి కట్టి వెళ్ళారు. లోపలి చెమ్మకు బయటికి దారి లేకపోయింది. కొడుకు అమ్మేద్దామన్నాడు. ఇంకొక్క చలికాలం చూద్దామన్నాడు పెద్దాయన. తాళంచెవి నా చేతికి వచ్చింది.

ఆయన పట్టుదలకు కారణం ముందు భాగంలోని అలమర లోపలి గోడ. రంగూ వార్నిషూ లేని ఆ పలక మీద, లంగరు వేసిన ప్రతి చోటునూ ఆవిడ పెన్సిలుతో రాసిపెట్టింది. ‘1987 ఆగస్టు, సూషా దీవి, రెండు రోజులు వాన.’ ఆ మాదిరి వరుసలు గోడ నిండా. వాటి కింది వరుసల మీదికి బూజు పాకింది. తుడిస్తే రాత పోతుంది, వదిలేస్తే బూజు తింటుంది. ఆ గోడ పడవ ఎముకల్లో ఒకటి, ఊడదీసి ఇంటికి తెచ్చేది కాదు. కొడుకు దాన్ని ఫోటో తీసి పటం కట్టించి ఇచ్చాడు. పెద్దాయన మర్యాదగా పుచ్చుకుని సొరుగులో పెట్టాడు.

ఇంతకీ ఈ నీరెక్కడిది? 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘనమీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరిని మోయగలదు. 8 డిగ్రీలకు దిగితే ఎనిమిది గ్రాములకు కాస్త పైన, అంతే. ప్యూజెట్ సౌండ్ నీరు చలికాలంలో ఇంచుమించు ఆ 8 డిగ్రీల దగ్గరే ఉంటుంది. కనుక లోపల హీటరు వేసుకుని, సాపేక్ష ఆర్ద్రత 50 శాతమే కదా అని నిశ్చింతగా కూర్చున్నా, ఆ గాలి పరుపు వెనక్కి జారి, నీటిని ఆనుకున్న గోడను తాకీ తాకగానే మోయలేని బరువును అక్కడే దించేస్తుంది. వెచ్చగా ఉన్న గది మధ్యన కాక, పరుపు కిందా అలమర మూలల్లోనూ బూజు పుట్టడం అందుకే. మనిషి రాత్రంతా నిద్రపోతే ఊపిరితోనూ చెమటతోనూ పావు లీటరుకు తగ్గకుండా నీరు గాలిలో కలుస్తుంది. పొగగొట్టం లేని గ్యాసు హీటరు మరీ మోసగత్తె: కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది. వెచ్చబడిందని సంతోషిస్తూ గది తడుపుకుంటాం. విషవాయువు భయం సరేసరి.

మనిషే లేని పడవలో మొదటి పని, నీరు దాచుకునే వస్తువులన్నిటినీ బయటికి మోయడం. అక్టోబరులో రెండు శనివారాలు అదే పని. పరుపులు, తెరలు, పటాలు, పుస్తకాలు, ఆవిడ అల్లిన ఉన్ని దుప్పటి, అన్నీ పెద్దాయన ఇంటికి చేరాయి. పరుపు తొడుగుల్ని మంచినీటిలో రెండుసార్లు జాడించాం. ఇది చాదస్తం కాదు. కోస్తాలో వానాకాలం ఉప్పుజాడీ చెమర్చడం ఎరగని ఇల్లు లేదు. సముద్రపు జల్లు తగిలిన బట్ట కూడా అంతే. ఎండకు ఆరినట్టే కనిపిస్తుంది. గాలిలో ఆర్ద్రత 75 శాతం దాటగానే, దానిలోని ఉప్పు చెమ్మను తాగి మళ్ళీ తడిచేస్తుంది. మంచినీటితో ఉప్పు వదిలిస్తే తప్ప ఆ బట్ట నిజంగా ఆరదు.

తరువాత అడుగున చేరిన నీటిని తోడి స్పాంజితో ఒత్తి తీశాం. నేలపలకల్ని లేపి ఉంచాం. అలమర తలుపులన్నీ బార్లా తెరిచాం. నున్నటి గోడల్ని సబ్బునీటితో కడిగి, వెనిగర్‌తో తుడిచాం. బూజు ఫైబర్‌గ్లాస్‌ను తినదు. దాని మీది జిడ్డునూ, దుమ్మునూ, మన చర్మపు పొడినీ తింటుంది. బ్లీచి చెక్కకు మంచిది కాదు. పొరపాటున వెనిగర్‌తో కలిసిందంటే క్లోరిన్ పుడుతుంది, ఆ ఇరుకులో ప్రాణాంతకం. పెన్సిలు గోడను మాత్రం మేము ముట్టలేదు. తడి బూజును రుద్దితే చెక్కలోకి పులుముకుంటుంది. పూర్తిగా ఆరితే మెత్తని కుంచెకు రాలుతుంది. అంటే ఆ గోడ మొత్తం ఎండాలి, సియాటిల్ చలికాలంలో!

ఇక్కడ పెద్దాయనకూ నాకూ వాదం వచ్చింది. పాత నావికుల ధర్మం గాలి ఆడనివ్వడం: ఒక చోట లోపలికి, ఇంకో చోట పైనుంచి బయటికి. పైకప్పు మూతకు సౌరశక్తితో తిరిగే చిన్న పంకా కూడా బిగించి ఉంది. నవంబరంతా ఆయన పద్ధతే నడిచింది. గోడల మీద ధారలు ఆగాయి. కానీ అలమరలో పెట్టిన ఆర్ద్రతామాపకం 80కి దిగువకు రాలేదు. బయటి గాలే 85 శాతం తడిగా ఉన్నప్పుడు, ఆ గాలిని ఎంత తిప్పినా లోపల ఇంకెంత ఆరుతుంది? 60 శాతం లోపు ఉంటేనే బూజుకు పట్టు చిక్కదు.

డిసెంబరులో చెమ్మ పీల్చే యంత్రం తెచ్చాను. ఇళ్ళలో వాడే కంప్రెసరు రకం చలిలో మంచు గడ్డకట్టి మొరాయిస్తుంది. చెమ్మ పీల్చే పదార్థం పూసిన చక్రం తిరిగే రకం పనికొస్తుంది, పైగా కొద్దిగా వేడినీ ఇస్తుంది. అయితే దాన్ని పెట్టిన రోజున గాలిదారులన్నీ మూయాలి. లేకపోతే అది ప్యూజెట్ సౌండ్ మొత్తాన్ని ఆరబెట్టడానికి పూనుకుంటుంది. గాలి ఆడనివ్వడమా, మూసి పీల్చడమా, రెంటిలో ఒకటే. సగం సగం చేసేవాళ్ళకు కరెంటు బిల్లూ మిగులుతుంది, బూజూ మిగులుతుంది. పీల్చిన నీరు గొట్టం గుండా తొట్టిలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి. రేవు వాళ్ళు దీనికి ఒప్పుకున్నారు గాని, ఖాళీ పడవలో హీటరుకు ఒప్పుకోరు. నిప్పు ఒక పడవతో ఆగదు. ప్రతి శనివారం వెళ్ళి ప్లగ్గు వేడెక్కిందేమో తడిమి చూసి, అంకె నోటుపుస్తకంలో రాసుకుని వచ్చేవాణ్ణి. కాల్షియం క్లోరైడ్ డబ్బాల మీద నాకు పెద్ద గౌరవం లేదు. చిన్న మూలకు పరవాలేదు. ఒలికిందా, ఆ ఉప్పునీరు ఎన్నటికీ ఆరదు, తగిలిన లోహాన్నల్లా తింటుంది.

పెద్దాయన ప్రతి శనివారం సాయంత్రం ఫోను చేసి ఒక్క అంకె అడిగేవాడు. సంక్రాంతి నాటికి 57.

మార్చిలో మాస్కు కట్టుకుని, పావురపు ఈకంత మెత్తని కుంచెతో, రాతల చుట్టూ ముందు, రాతల మీద తరువాత, ఒక ఆదివారమంతా దులిపాను. కింది రెండు వరుసలు అంతకుముందే పోయాయి, వాటిని ఎవరూ తేలేరు. మిగిలినవి చదవడానికి వస్తున్నాయి. ఏప్రిల్లో పెద్దాయన వచ్చి గోడను చూడకముందు అలమరలో తల దూర్చి చాలాసేపు వాసన చూశాడు. కొడుకు వెనకాల నిలబడి ఏమీ అనలేదు.

మే నెలలో డాక్టరు ఒప్పుకున్నాక రెండు రాత్రులు అక్కడ పడుకున్నాడు. మనిషి ఊపిరి లోపల ఉన్నప్పుడు ఆయన ధర్మమే సరైనది. యంత్రం కట్టేసి, వాన పడుతున్నా పైమూతను నాలుగు వేళ్ళ మందం తెరిచి ఉంచాం. పరుపు కింద చెక్క పట్టీలు పరిచాం, గాలి దూరేలా. అయినా తెల్లవారేసరికి కిటికీ అల్యూమినియం చట్రం మీద నీటిబొట్లు నిలిచాయి. ఆయన లేస్తూనే తువ్వాలుతో వాటిని తుడిచి, తొట్టిలో పిండి, కాఫీ పెట్టాడు. ఉన్ని దుప్పటి ఇంకా ఇంట్లోనే ఉంది. జూన్ వచ్చాక తెద్దామన్నాడు.