మైనింగ్ సీటు తీసుకోవాలా వద్దా అని అడిగిన తమ్ముడి కోసం

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

కౌన్సెలింగ్ టైంలో మన జూనియర్ ఒకడు మా రూముకి వచ్చాడు. "అన్నా, మైనింగ్‌లో సీటు వచ్చేట్టుంది. మా తాత ఒప్పుకుంటలేడు" అన్నాడు. వాళ్ళ ఊరు ఓసీ కింద పోయింది. ఊరున్న చోట ఇప్పుడు ఓబీ మట్టి గుట్ట ఉంది. తాతది ఒకటే మాట: "మన ఊరు తవ్వినోళ్ళ చదువు మనకెందుకురా?" మేం నలుగురం ఉంటే ఇద్దరం తాత వైపు, ఇద్దరం తమ్ముడి వైపు. రాత్రి రెండింటి దాకా అదే గొడవ.

ఆ గొడవలోకి వచ్చిన పేరే హెర్బర్ట్ హూవర్. అమెరికా అధ్యక్షుల లిస్టులో జీకే కోసం బట్టీ పట్టిన పేరు. ఆయన అసలు వృత్తి మైనింగ్ ఇంజనీరింగ్ అని మాకూ ఈ మధ్యనే తెలిసింది.

మొదలంతా మన హాస్టల్ పిల్లల కథలాగే ఉంటుంది. 1874లో ఒక కమ్మరి ఇంట్లో పుట్టాడు. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి అమ్మా నాన్నా ఇద్దరూ లేరు, బంధువుల ఇళ్ళల్లో పెరిగాడు. 1891లో స్టాన్‌ఫర్డ్ తెరిచినప్పుడు మొదటి బ్యాచ్‌లో చేరాడు. అప్పుడు అక్కడ ఫీజు లేదు. ఇంగ్లీషులో తప్పాడు, ఆ బ్యాక్‌లాగ్ డిగ్రీ చివరి దాకా వెంటాడింది. (మనలో ఎంతమందికి ఊపిరి ఆడిందో ఈ మాట చదివి!) పట్టా చేతికొచ్చాక దొరికిన పని, కాలిఫోర్నియా గనిలో రాత్రి షిఫ్టు, ఖనిజం బండి తొయ్యడం.

1897లో లండన్ కంపెనీ ఒకటి ఆయన్ని పశ్చిమ ఆస్ట్రేలియా బంగారు గనులకి పంపింది. సన్స్ ఆఫ్ గ్వాలియా గని కొనమని చెప్పింది ఆయనే, దానికి మేనేజరూ ఆయనే. 1963 దాకా నడిచింది ఆ గని. అక్కడ పని గంటలు పెంచిందీ, కూలి ఖర్చు తగ్గించడానికి ఇటలీ వలస కూలీలను పెట్టిందీ కూడా ఆయనే. తర్వాత చైనా బొగ్గు గనులు, ఆ తర్వాత బర్మా. షాన్ కొండల్లో బాడ్విన్ అనే చోట చైనావాళ్ళు ఎప్పుడో వెండి తీసి వదిలేసిన పాత గనులున్నాయి. ఆ సీసం, వెండి, జింకే ఆయన ఆస్తిలో పెద్ద భాగం. కొండ షాన్‌లో, షేర్లు లండన్‌లో. అడవిలో మలేరియా కూడా తెచ్చుకున్నాడు పాపం.

నలభై ఏళ్ళు వచ్చేసరికి కోటీశ్వరుడు. సరిగ్గా అప్పుడే, 1914లో యుద్ధం వచ్చి బెల్జియం ఆకలితో మాడిపోతుంటే, సంపాదన పక్కన పెట్టి సహాయ కమిషన్ నడిపాడు. జీతం తీసుకోలేదు. బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ కలిపి 90 లక్షల మందికి పైగా తిండి పెట్టిన పని అది. పిండి ఖాళీ సంచులు కూడా లెక్కపెట్టి వెనక్కి తీసుకునేవాళ్ళు, ఎందుకంటే ఆ గుడ్డలోని పత్తితో జర్మన్లు మందుగుండు చేసుకుంటారని. గనిలో టన్నులు లెక్కపెట్టినోడి పద్ధతి ఇది. 1921లో రష్యా కరువులోనూ ఆయన సంస్థే కోటి మందికి పైగా అన్నం పెట్టింది. అధ్యక్షుడయ్యాక జీతం సొంతానికి వాడుకోలేదు, దానాలకే ఇచ్చేశాడు. ఇంతవరకూ మాకు నిజంగా గౌరవమే.

కానీ అదే మనిషి 1929 తర్వాత సొంత దేశంలో జనం పనుల్లేక రోడ్డున పడితే, కేంద్రం నేరుగా సాయం ఇవ్వడం తప్పన్నాడు. దాతలు, స్వచ్ఛంద సంస్థలు చూసుకోవాలన్నాడు. మేం ఆగిపోయింది ఇక్కడే. దానం ఇచ్చేవాడి మనసును బట్టి ఉంటుంది. వాటా అట్ల కాదు, అడిగి తీసుకునేది.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. చిన్నప్పుడు హూవర్ కొన్ని నెలలు ఓసేజ్ ఆదివాసుల ఏజెన్సీలో ఉన్నాడు. వాళ్ళ బంధువు ఒకాయన అక్కడ ప్రభుత్వ ఏజెంటు. ఓసేజ్ పిల్లలతో కలిసి విల్లు బాణాలు చెయ్యడం నేర్చుకున్నానని తర్వాత తనే రాసుకున్నాడు. ఆ ఓసేజ్‌లే 1906లో భూమి మనిషికింత అని పంచుకున్నా, భూమి కింద ఖనిజం మాత్రం తెగ మొత్తానికి ఉమ్మడిగా ఉంచుకున్నారు. నూనె పడ్డాక ఎవరి దయా లేకుండా వాటా వచ్చింది. ఆ వాటా కోసమే 1920ల్లో వాళ్ళను చంపారు, గార్డియన్లని పెట్టి దోచుకున్నారు కూడా. కాగితం మీద హక్కు ఉంటే సరిపోదని దాన్నిబట్టే అర్థమైంది.

మన దగ్గర ఉన్న కాగితం 1997 సమత తీర్పు. అనంతగిరి మండలం ఊళ్ళ నుంచి సుప్రీంకోర్టు దాకా పోయిన కేసు. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు మైనింగ్ లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం నీళ్ళకి, బడికి, ఆసుపత్రికి పక్కన పెట్టాలని కూడా చెప్పింది. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ట్రస్టులు వేరే ఉన్నాయి. ఎన్ని టన్నులు తీశారు, రాయల్టీ ఎంత, అందులో మన మండలానికి ఎంత రావాలి? ఈ లెక్క గ్రామసభలో కూర్చుని విప్పి చెప్పగలిగిన మన పిల్లలు ఎంతమంది?

తాత వైపున్న మా ఇద్దరం పూర్తిగా మారామని చెప్పలేం. ఓబీ గుట్ట చూసినప్పుడల్లా తాత మాటే కరెక్ట్ అనిపిస్తది.

తమ్ముడు సీటు తీసుకున్నాడు. పది రోజులు తాత మాట్లాడలేదంట. పదకొండో రోజు అన్నం దగ్గర అడిగాడంట: "ఆ ఇరవై పైసల కాగితం ఏ ఆఫీసుల ఉంటదిరా?"